వాషింగ్టను కడపటి పన్ను

జార్జి వాషింగ్టను పేరు వినని విద్యార్థి మన పాఠశాలలలో అరుదు. తండ్రి ముచ్చటగా పెంచుకొనిన చెర్రీచెట్టును చిన్నగొడ్డలితో నరికి, అడిగినంతనే నిజము చెప్పిన బాలుని కథ ఎన్ని తరములవారికో నీతిపాఠమైనది. వాషింగ్టను జీవించియుండగా ఆ కథను ఎవరును ఎరుగరు. ఆయన గతించిన పిదప వీమ్స్ అను మతబోధకుడు వ్రాసిన చరిత్రయొక్క 1806వ సంవత్సరపు కూర్పులో అది తొలిసారి వెలువడినది. సత్యమును బోధించుటకు అసత్యమును కల్పించుట వింతలలో వింత. ఆ మహాపురుషుని గూర్చి లోకమున పాతుకొనిపోయిన రెండవ కల్పన ఆయన కొయ్యపళ్ళు. ఆయన ధరించిన కట్టుడుపళ్ళలో ఏనుగుదంతము కలదు, నీటిగుర్రపు కోర కలదు, పశువుల పళ్ళును మనుష్యుల పళ్ళును కలవు, సీసము, బంగారము, ఇత్తడి, ఉక్కు కలవు. కొయ్య మాత్రము లేదు. నాళ్ళు గడచినకొలది దంతపు మెరుగు పోయి, దాని సన్నని చారలలో మరకలు దిగి, చూపునకు కొయ్యవలె తోచుటచే ఆ మాట పుట్టియుండునని విజ్ఞుల ఊహ.

ఆ నోటి కథ నవ్వులాటకు తగినది కాదు. ఒక దేశమును నిలబెట్టిన మనుష్యుడు నలువది సంవత్సరములపాటు ఒక్కొక్క పంటినే పోగొట్టుకొనుచు, తుదకు ఒకే ఒక పంటి ఊతతో తన మాటను, తిండిని, ముఖవర్చస్సును నిలుపుకొనజూచిన కథ అది.

వాషింగ్టను 1732వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన వర్జీనియాలో జన్మించెను. పదునొకండవ యేట తండ్రిని పోగొట్టుకొనెను. విశ్వవిద్యాలయపు మెట్లెక్కలేదు, పదునేడవ యేటనే భూములు కొలిచెడు సర్వేయరు పనిలో కుదిరెను. ఆరడుగులకు మించిన ఎత్తు, గుర్రపుస్వారిలో అందెవేసిన చేయి. అట్టి వజ్రకాయునకు శత్రువు నోటనే పొంచియుండెను. 1756లో, ఇరువది నాలుగేండ్ల ప్రాయమున, సైన్యములో కర్నలుగా నుండగా వాట్సను అను వైద్యునిచే ఒక పన్ను పీకించుకొని అయిదు షిల్లింగులు చెల్లించెను. లెక్క వ్రాయుటలో అతి నియమము గలవాడగుటచే ఆ సంగతి మనకు దక్కినది. అటుపిమ్మట పంటిపోటు, చిగురువాపు ఆయన దినచర్యలో భాగములైనవి. ఆయన దంతధావనము నెరుగనివాడు కాడు. పంటి కుంచెలు, పొడులు, బోళపు ద్రావకము తెప్పించుకొన్న లెక్కలు కలవు. చిన్ననాట గట్టిపెంకు కాయలను పళ్ళతో కొరికి పగులగొట్టుటయే కారణమని ఆయనయే చెప్పినట్లు జాన్ ఆడమ్స్ వ్రాసెను. జ్వరములకు ఆ కాలపు వైద్యులు ధారాళముగా వాడిన పాదరసపు మందు చిగుళ్ళను చెరచియుండునని తరువాతి వైద్యులు తలంతురు.

1775లో వలసరాజ్యముల సేనకు ఆయన సర్వసేనానియయ్యెను. ఆ యుద్ధకాలముననే ఆయన నోట బంధములు మొదలైనవి. జాన్ బేకరు అను దంతవైద్యుడు దంతముతో పళ్ళు చెక్కి, వానిని సన్నని తీగతో మిగిలిన సహజదంతములకు కట్టెను. తీగ వదులైనప్పుడెల్ల మరల బిగించుకొనవలెను. 1781 మే నెలలో, శిబిరమునుండి, తన పళ్ళ తీగను బిగించుకొనుటకు ఒక చిన్న పట్టకారును, పళ్ళు గీకి శుభ్రపరచుకొనుటకు ఒక పనిముట్టును పంపుమని సేనాని బేకరునకు ఉత్తరము వ్రాసెను. ఇప్పట్లో ఫిలడెల్ఫియాకు వచ్చెడు అవకాశము కనబడదనియు అందు తెలిపెను. ఆ ఉత్తరము దారిలో ఆంగ్లేయుల చేత చిక్కి వారి సేనాని క్లింటను కాగితములలో చేరినది. వాషింగ్టను న్యూయార్కు పరిసరములనే అంటిపెట్టుకొని యుండునని నమ్ముటకు ఈ పంటి ఉత్తరమును వారికి ఒక సాక్ష్యమైయుండునని కొందరు చరిత్రకారులు భావింతురు. అది అతిశయోక్తియే కావచ్చును. ఏమైనను ఆ సంవత్సరము అక్టోబరు 19న దక్షిణమున యార్కుటౌనులో కారన్‌వాలిసు సేన లొంగిపోయెను. ఆ కారన్‌వాలిసే 1786లో మన దేశమునకు గవర్నరు జనరలుగా వచ్చి, నిజామును మిత్రునిగా గొని టిప్పూతో పోరి, 1793లో వంగదేశమున శాశ్వత శిస్తును స్థాపించెను.

పట్టకారు కోరిన ఆ ఉత్తరములో ఒక శాస్త్రవిషయము దాగియున్నది. పల్లెటూరి పిల్లలకు దానిని బోధించుట సులభము. పాడిగేదెను కట్టిన గుంజను చూడుడు. గుంజపై ఎంత బరువు పెట్టినను అది నేలలోనికి దిగి నిలుచును గాని ఊడిరాదు. గేదె త్రాటిని అటు నిటు లాగిన నాలుగు దినములలో గుంజ చుట్టును నేల సడలును. గుంజను పెకలింపదలచినవాడును దానిని ఊపియే పెకలించును. దంతవైద్యుని పట్టకారు చేయునదియు ఆ పనియే. పంటి వేరునకును దౌడయెముకకును నడుమ మిల్లీమీటరులో సుమారు అయిదవవంతు మందము గల నారపొర యొకటి కలదు. దాని నారలలో పెక్కు ఏటవాలుగా అల్లుకొని, ఉయ్యాలత్రాళ్ళవలె పంటిని ఎముకలో వ్రేలాడగట్టును. పైనుండి నిలువుగా పడిన బరువును అవి అన్నియు కలిసి పంచుకొనును. ప్రక్కవాటు ఒత్తిడి పడినప్పుడు కొన్ని నారలే సాగి, ఎముక అంచున ఒకచోటనే భారము కేంద్రీకరించును. తీగతో కట్టిన దొంగపన్ను నమలినప్పుడెల్ల కదలును. కదలినప్పుడెల్ల ఊతపంటిని ప్రక్కకు లాగును. చిగురు ముందే చెడియున్నచో ఇక చెప్పనేల? ఊతగా నిలిచిన పన్ను ఊడిపోవును. దాని బరువును ప్రక్కపన్ను మోయవలసివచ్చును. వాషింగ్టను నోట జరిగినది ఈ వరుస పతనమే.

యుద్ధము ముగియనున్న దినములలో లెమేయరు అను ఫ్రెంచి దంతవైద్యుడు ఆయనకు పరిచితుడయ్యెను. ఒకరి పంటిని పీకి మరియొకరి చిగురులో నాటెడు విద్య అతని ప్రత్యేకత. అప్పటి సంపన్నులు ఆ వేడుకకు డబ్బు వెదజల్లిరి. నాటిన పళ్ళు చాలవరకు నిలువలేదు. 1784 మే నెలలో వాషింగ్టను ఎస్టేటు లెక్కలలో, లెమేయరు నిమిత్తము తొమ్మిది పళ్ళకు నీగ్రోలకు ఆరు పౌనులు రెండు షిల్లింగులు చెల్లించినట్లు పద్దు కలదు. ఆ పళ్ళు వాషింగ్టను నోటికే చేరినవో, మరియొక ఉపయోగమునకో ఆ పద్దు చెప్పదు. బానిసయైనవాడు అమ్మకమునకు ఒప్పుకొనుట అనగా ఏమి? కాదనుటకు వానికి స్వాతంత్ర్యము కలదా? స్వాతంత్ర్య సమరమున గెలిచిన సేనాని ఇంటి లెక్కలలో ఆ ఒక్క పంక్తి చదువరి గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొనును. చెర్రీచెట్టు కథ చెప్పెడు ఉపాధ్యాయుడు దానితోపాటు ఈ పద్దును కూడ చెప్పుట న్యాయము.

1789 ఏప్రిలు 30న న్యూయార్కులో ఆయన అమెరికా తొలి అధ్యక్షునిగా ప్రమాణము చేసెను. అప్పటికి ఆయన నోట సొంతపన్ను ఒక్కటియే మిగిలియుండెను. అది ఎడమవైపు క్రిందిదౌడలోనిది; మన పాఠ్యపుస్తకములు అగ్రచర్వణకమని పిలిచెడు రకము.

ఆ పంటికి కాపరిగా నియుక్తుడైనవాడు జాన్ గ్రీన్‌వుడ్డు. ఈతని కథయు రసవంతమే. 1760లో బోస్టనులో పుట్టెను. తండ్రి దంతమును తరిణెపట్టెడు పనివాడు, దంతవైద్యమును ఎరిగినవాడు. పదునైదేండ్ల బాలుడుగా గ్రీన్‌వుడ్డు స్వాతంత్ర్యసేనలో పిల్లనగ్రోవి ఊదెడు కుర్రవాడై చేరెను. 1776 డిసెంబరు చలిలో వాషింగ్టను సేనతో డెలావేరు నది దాటి ట్రెంటను పోరున పాల్గొనెను. యుద్ధానంతరము న్యూయార్కులో దంతవైద్యుడయ్యెను. తల్లి నూలు వడికెడు రాట్నమును మార్చి, కాలితో త్రొక్కుచు పంటిని తొలిచెడు యంత్రమును 1790లో కల్పించిన ఘనత ఈతనిదే. రాట్నము మన కండ్లకు మరియొక స్వాతంత్ర్యోద్యమమును తలపించును. ఆ దేశమున అది అధ్యక్షుని వైద్యునింట ఇట్లు తిరిగినది.

ఒక్క పన్ను మిగిలిన నోటికి కట్టుడుపళ్ళు అమర్చెడువానికి ఆనాడు తేలికయైన దారి, ఆ పంటిని పీకివేసి దౌడను నునుపు చేసికొనుట. గ్రీన్‌వుడ్డు అట్లు చేయలేదు. నీటిగుర్రపు కోరను క్రిందిదౌడ ఆకారమున చెక్కి, దానిపై మనుష్యదంతములను బిగించి, ఆ పీఠములో ఒకచోట రంధ్రము తొలిచెను. వాషింగ్టను సొంతపన్ను ఆ రంధ్రముగుండ పైకి వచ్చి, పీఠమునకు మేకువలె నిలిచెను. పైవరుసకును క్రిందివరుసకును నడుమ ప్రక్కలందు లోహపు స్ప్రింగులు. పైవరుస జారిపడకుండ అవి దానిని మీదికి నెట్టును. క్రిందివరుసను చిగురుపైకి అదిమిపట్టును. నోరు మూయవలెనన్న స్ప్రింగుల బలమును దౌడకండరములు జయింపవలెను. ఆదమరచిన నోరు తనంత తాను తెరచుకొనును. పైవరుస గాలి ఒత్తిడిచేతనే చిగురునకు అతుకుకొని నిలువగలదన్న సంగతి ఆ కాలమున దంతవైద్యుల ఆచరణలోనికి రాలేదు.

ఇప్పుడు ఆ ఒంటరి పంటి పాట్లు యోచింపుడు. తినునప్పుడు, మాటలాడునప్పుడు, ఊరకున్నప్పుడును స్ప్రింగుల త్రోపుడు ఆగదు. ఆ పన్ను దౌడకు ఎడమప్రక్కగా నుండుటచే, కుడివైపున నమలినప్పుడు పీఠము ఒక కొన దిగి మరియొక కొన లేచి, రంధ్రపు అంచు పంటిని ఒరయును. చిగురు మెత్తన, పన్ను గట్టి. పీఠము చిగురులోనికి అణగుటకు చూచును, పన్ను అడ్డగించును. పంటి శిఖరము ఎంత ఎత్తుగా నిలిచిన మీటకోల అంత పొడవు, వేరు మొదట పడెడు బలము అంత హెచ్చు. గునపముతో బండను కదపినవారికి ఈ లెక్క వేరుగ చెప్పనక్కరలేదు. ముప్పదిరెండు పళ్ళు పంచుకొనవలసిన పనిని ఒక వేరు ఏడు సంవత్సరములు మోసినది.

ఊతపంటి సమస్య ఆయనతోనే పోలేదు. హైదరాబాదులో ఉస్మానియా వైద్యకళాశాలకు 1959లో దంతవైద్య విభాగమేర్పడినది. నేటి ప్రభుత్వ దంతకళాశాలకు అదియే బీజము. నగరమునకు తూర్పున నాచారము, మల్లాపూరు కార్ఖానాలలో జీవితమంతయు పనిచేసి విశ్రమించిన వృద్ధుడొకడు, రెండువైపులను వెనుకపళ్ళు పోయి, దంతవైద్యుని కడకు వెళ్ళెననుకొందము. అతనికి అమర్చెడు తీసిపెట్టుకొను పళ్ళకు ముందు ఊత సొంతపళ్ళు, వెనుక ఊత వట్టి చిగురు. పన్ను నొక్కిన కదలిక బహుస్వల్పము. చిగురు అణగుట దానికి ఎన్నో రెట్లు. కనుక నమలినప్పుడెల్ల పళ్ళసెట్టు వెనుకకొన దిగును, ముందుకొన కొక్కెము పట్టిన పంటిని వెనుకకు మెలిపెట్టును. 1925లో కెనెడీ అను అమెరికను వైద్యుడు పళ్ళులేని దౌడలను తరగతులుగా విభజించినప్పుడు ఈ విధమునకే మొదటి తరగతి పేరు పెట్టెను. వైద్యులకు మిక్కిలి చిక్కు తెచ్చునదియు ఇదియే.

దీనికి వారు కనుగొనిన ఉపాయములు పెక్కు. కొక్కెము పంటిపై లాగక, పంటి తలపై చిన్న పల్లము చేసి అందు ఆనుకొనునట్లు చేసిన, భారము నిలువుగా వేరు దారిని దిగును. పీఠమును దౌడపై వీలైనంత విశాలముగా పరచిన చిగురు తన పాలు తాను మోయును. పంటి శిఖరమునే చిగురు మట్టమునకు కోసివైచి, వేరునకు వైద్యముచేసి, దానిపై గుండుసూదితలవంటి లోహపు గుండును నిలిపి, పళ్ళసెట్టులో దానికి సరిపోవు రబ్బరుకట్టు గిన్నెను అమర్చుట మరియొక మార్గము. ఇందు మీటకోల పొట్టియగును. రబ్బరుకట్టు కొంచెము లొంగుటచే ప్రక్కవాటు లాగుడు వేరునకు చేరకమునుపే తగ్గును. పారదర్శకమైన జిగురుతో దౌడ నమూనాలు చేసి, ప్రత్యేకపు వెలుగులో చూచినచో బలము పడినచోట వన్నెల పట్టెలు కనబడును. ఇప్పుడు కంప్యూటరులో దౌడను వేలకొలది చిన్నతునకలుగా భావించి లెక్కకట్టుచున్నారు. ఈ పరీక్షలు పెక్కింట తేలినది ఏమనగా, కదలనీయని బిగిబంధము ఊతపంటిపై హెచ్చుభారము మోపును, లొంగెడుబంధము దానిని చిగురుతో పంచును. లొంగుట హెచ్చైన చిగురుక్రింది ఎముక అరుగును. బరువు ఎక్కడికో మాయమైపోదు. ఎవరో ఒకరు మోయవలసినదే.

వేరును నిలుపుకొనుటవలన ఫలమేమి? 1978లో ప్రకటింపబడిన ఒక అమెరికను పరిశీలనలో, క్రిందిదౌడలో రెండు కోరపళ్ళ వేళ్ళు నిలిపి వానిపై పళ్ళసెట్టు అమర్చుకొనినవారికి అయిదేండ్లలో దౌడ ముందుభాగపు ఎముక సగటున 0.6 మిల్లీమీటరు తరిగినది. పళ్ళన్నియు పీకించుకొనినవారికి 5.2 మిల్లీమీటర్లు. ఈ అంకెలు చూచినవారికి గ్రీన్‌వుడ్డు తొలిచిన రంధ్రము మోటుపనిగా తోచదు. ఆతని ఆలోచన సరియైనదే. బంధము మాత్రము కఠినము. ఆ కాలపు ఉక్కునకును దంతమునకును లొంగుట తెలియదు.

అధ్యక్షపదవిలోని వాషింగ్టను బహిరంగసభలలో మితభాషి. 1793 మార్చి 4న రెండవసారి ప్రమాణము చేయునపుడు ఆయన చదివిన ఉపన్యాసము 135 మాటలు మాత్రమే. అమెరికా అధ్యక్షుల ప్రారంభోపన్యాసములలో అంత చిన్నది మరియొకటి లేదు. దానికి పళ్ళే కారణమని కొందరు చెప్పుదురు. అది తొందరపాటు. మితభాషిత్వము ఆయనకు యౌవనమునుండియు సహజము. కాని స్ప్రింగులను అదుపులో నుంచుకొనుచు నిండుసభలో మాటలాడుట ఎంత ప్రయాసయో ఊహింపవచ్చును.

1796లో ఆ కడపటి పన్నును గ్రీన్‌వుడ్డే తీసివేయవలసివచ్చెను. వాషింగ్టను దానిని అతనికే ఇచ్చివేసెను. ఆతడు దానిని అద్దపుమూత గల చిన్న బంగారుడబ్బిలో అమర్చి తన గడియారపు గొలుసునకు వ్రేలాడగట్టుకొనెను. ఆ సంవత్సరముననే గిల్బర్టు స్టూవర్టు అను చిత్రకారుడు అధ్యక్షుని ముఖచిత్రము వ్రాసెను. అమెరికా ఒక డాలరు నోటుపై నేటికిని కనబడెడు ముఖము ఆ చిత్రమునుండి తీసినదే. పెదవులు బిగిసి, నోటిచుట్టును ఉబ్బి, ఏదో బలముగా పట్టియుంచిన భావము అందున్నది. అది గాంభీర్యమని మన చిన్ననాట చెప్పిరి. అందు సగము పళ్ళపీఠపు బలిమి.

ఊతపన్ను పోయిన పిమ్మట పళ్ళసెట్టునకు స్ప్రింగులే గతి. 1797లో పదవిని విడిచి మౌంటు వెర్ననునకు చేరిన వృద్ధుడు గ్రీన్‌వుడ్డుతో ఉత్తరములు నడపెను. పళ్ళు ముందునకు పొడుచుకొనివచ్చి ముక్కుక్రింది పెదవిని నెట్టుచున్నవనియు, ఆ భాగమును తగ్గింపవలెననియు ఆయన కోరిక. తనకు కావలసిన వంపులను ఇంజనీరు సరిహద్దు కొలిచినట్లు వివరించెను. 1798 డిసెంబరులో గ్రీన్‌వుడ్డు, పళ్ళు నల్లబడుటకు పోర్టు అను ద్రాక్షసారాయమే కారణమనియు, దాని పులుపు మెరుగును హరించుననియు హెచ్చరించి, శుభ్రపరచెడు విధము తెలిపెను. రాజ్యములు ఏలిన మనుష్యుడును, ఒకనాడు ఆయన సేనలో పిల్లనగ్రోవి ఊదిన కుర్రవాడును పంటివరుసను గూర్చి ఇంత శ్రద్ధగా వ్రాసికొనిన ఉత్తరములు చదువుటకు ఇంపుగా నుండును.

1799 డిసెంబరు 14న, గొంతువాపుతో, అరువదియేడవ యేట వాషింగ్టను కన్నుమూసెను. ఆ సంవత్సరపు లెక్క ప్రకారము మౌంటు వెర్ననులో 317 మంది బానిసలు. వారిలో ఆయనకు సొంతమైన 123 మందిని తన భార్య అనంతరము విడుదల చేయవలెనని వీలునామాలో వ్రాసెను.

సీసపు పీఠముపై మనుష్యుల పళ్ళును పశువుల పళ్ళును బిగించిన ఒక పూర్తివరుస మౌంటు వెర్ననులో భద్రముగా నున్నది. 1789లో గ్రీన్‌వుడ్డు చేసిన క్రిందివరుస న్యూయార్కు వైద్యపరిషత్తునకు చేరినది. నీటిగుర్రపు కోరలో ఎడమప్రక్కన ఆ రంధ్రము స్పష్టముగా కనబడును.